గొడ్డలి కాదు, కొయ్యసుత్తి

"అంకుల్, ఇది బ్యాట్ నాకింగ్‌కి వాడేదా?"

అడిగిన పిల్లాడికి పన్నెండేళ్ళుంటాయి. హారర్ కథల్లో కనిపించే వస్తువులకి నకళ్ళు చెయ్యడం నా సరదా. బెంగళూరు కామిక్ కాన్‌లో, అంటే కామిక్స్, సినిమాల అభిమానుల జాతరలో, ఒక స్నేహితుడు తన బల్ల మీద ఓ చివర నేను చేసిన కొయ్యసుత్తి పెట్టుకోనిచ్చాడు. దాని పక్కనే అతను చేసిన గొడ్డలి. అంచు నిండా ఎర్రటి రంగు, పిడి మీద కూడా చుక్కలు చుక్కలుగా చిందినట్టు. జనం ఆ గొడ్డలి ఎత్తి పట్టుకుని, పళ్ళికిలించి ఫొటోలు దిగుతున్నారు. నా సుత్తి దగ్గర ఆగింది మాత్రం ఈ పిల్లాడే. అదీ క్రికెట్ కోచింగ్ పుణ్యమా అని. కొత్త బ్యాట్‌ని కొట్టి కొట్టి బంతికి సిద్ధం చేసే సుత్తి నిజంగా అలాగే ఉంటుంది మరి.

సాయంత్రం సామాను సర్దుకుంటూ స్నేహితుడన్నాడు: "మచ్చా, రెండూ ఒకే కథలోవని నువ్వు చెప్తే తప్ప ఎవరికీ తెలీదు. గొడ్డలి చెయ్యి. సుత్తి ఎవడిక్కావాలి?"

దీనికి నా దగ్గర జవాబుంది గానీ, అది వ్యాను ఎక్కేలోపు చెప్పేసేది కాదు.

రెండు కొసల సుత్తి

'ది షైనింగ్' అనగానే అందరికీ గుర్తొచ్చేది 1980లో కుబ్రిక్ తీసిన సినిమా. బాత్రూమ్ తలుపుని చీల్చే గొడ్డలి, ఆ కంతలోంచి జాక్ నికల్సన్ మొహం. స్టీఫెన్ కింగ్ 1977లో రాసిన నవలలో, దయ్యాలున్న హోటల్‌కి చలికాలం కాపలా ఉండే జాక్ టోరెన్స్ తన భార్యాబిడ్డల వెంటబడేది గొడ్డలితో కాదు, రోక్ ఆడే కొయ్యసుత్తితో. రోక్ అంటే, సుత్తితో బంతిని కొట్టి కమ్మీల కింద నుంచి దూర్చే క్రోకే ఆటకి అమెరికా రూపం. గట్టి నేల మీద, చుట్టూ గట్టు కట్టి ఆడేవాళ్ళు. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో కూడా పెట్టారు, ఆ ఒక్కసారే. సుత్తికి పొట్టి పిడి. తలకి ఒక కొస గట్టిగా, ఇంకో కొస మెత్తగా ఉంటుంది.

ఆ రెండు కొసలూ నవలకి చాలా ముఖ్యం. కొడుకుని ప్రాణంగా చూసుకునే తండ్రి, తాగిన కోపంలో అదే కొడుకు చెయ్యి విరిచిన తండ్రి ఒక్క మనిషే. ఆ మనిషి చేతికి రచయిత ఇచ్చిన వస్తువుకి కూడా రెండు పక్కలున్నాయి. సుత్తి దెబ్బలకి భార్య వెండీ పక్కటెముకలు విరుగుతాయి గానీ ఆమె బతుకుతుంది. వంటాయన హాలొరాన్ కూడా నవలలో బతికి బయటపడతాడు. సినిమాలో ఒకే ఒక్క గొడ్డలి వేటుకి పోతాడు. నవల చివర్లో జాక్ ఒంట్లో దూరిన హోటల్ అదే సుత్తితో అతని మొహాన్నే చితక్కొడుతుంది. ఆ ఘట్టాన్ని గొడ్డలితో ఊహించుకోండి, కుదరదు. గొడ్డలి నరుకుతుంది, ఒక్కసారితో అయిపోతుంది. సుత్తితో పదే పదే కొట్టాలి. ఇంట్లో సాగే హింస కూడా అలాగే ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే మొదలవుతుంది. మంచి హారర్ నవలల్లో నన్ను వెంటాడిన వస్తువులేవీ చూడ్డానికి భయంకరంగా లేవు. ఎండాకాలం సెలవులకి వచ్చినవాళ్ళు గడ్డి పక్కన ఆడుకుని, షెడ్డులో పడేసి వెళ్ళిన సుత్తి అది. దానిలోకి కథ మెల్లగా ఇంకుతుంది. అలాంటప్పుడు నకలు చేసేవాడి పని ఆ మామూలుతనాన్ని కాపాడటమే. రక్తం పూశామంటే కథ చెయ్యాల్సిన పనిని మనం రంగు డబ్బాతో చేసేస్తున్నామన్నమాట. చూసేవాడికి చెయ్యడానికి ఇంకేం మిగల్లేదు, ఫొటో దిగడం తప్ప.

పిడి మీద చెమట

సుత్తి పని చన్నపట్నలో చేయించాను. మైసూరు రోడ్డు మీద బెంగళూరు నుంచి అరవై కిలోమీటర్లు. మన ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్రే అక్కడివాళ్ళూ వాడతారు, కన్నడంలో ఆలె మర అంటారు. లక్క పూసే పద్ధతి కూడా ఒకటే. లేతు మీద కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు లక్క కడ్డీని దానికి ఒత్తి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి పరుచుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. నాకు ఆ మెరుపే వద్దు. నున్నగా మెరిసేదాన్ని గరుకు చెయ్యమంటే ఆ పెద్దాయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. అయినా చేసిచ్చాడు.

అంకుడు తేలిక కర్ర, పిడికి సరిపోతుంది. తలకి మాత్రం బరువు కావాలి కాబట్టి నల్లమద్ది ముక్క. మెత్త కొసకి రబ్బరు బిళ్ళ. ఇంతవరకూ వడ్రంగం. నకలు చేసేవాడి పని దీని తర్వాతే మొదలవుతుంది. అది వస్తువుకి వయసు తేవడం.

ఉక్కు పీచుని వెనిగర్‌లో నానబెడితే ఒకటి రెండు రోజుల్లో ఇనుము కరిగి ఒక ద్రవం తయారవుతుంది. కర్రలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి అది కర్రని నల్లబారుస్తుంది. అంకుడులాంటి తెల్ల కర్రకి ముందుగా చిక్కటి టీ డికాక్షన్ పట్టిస్తే గానీ ఆ నలుపు పట్టదు. సినిమా సెట్లలో దుమ్ము కోసం చల్లే ఫుల్లర్స్ ఎర్త్ మన కిరాణా కొట్లో ముల్తానీ మట్టి పేరుతో దొరుకుతుంది. మొహానికి రాసుకునేదే. కానీ ఈ సరుకంతా ఎక్కడ వాడాలో తేల్చుకోవడానికే ఎక్కువ సమయం పడుతుంది. చెయ్యి పడే చోట కర్ర నున్నబడి నల్లటి జిడ్డు మెరుపు తేలాలి. చెయ్యి పడని చోట దుమ్ము ఉండాలి. నేల మీద ఆనించి పెట్టే అంచు చిట్లాలి. బంతి తగిలే పక్క చిన్న చిన్న నొక్కులు పడాలి, రబ్బరు ఎండి బీట్లు వారాలి. అన్ని చోట్లా సమానంగా పాతబడ్డ వస్తువుని చూస్తే కన్ను వెంటనే పసిగట్టేస్తుంది, అది ఎవరో పనిగట్టుకుని పాతబరిచిందని. వాడకం ఎప్పుడూ ఒక పక్కకే ఒరుగుతుంది.

ఈ సుత్తికి నాకు దొరికిన పెద్ద సర్టిఫికెట్ కామిక్ కాన్‌లో రాలేదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడది మదనపల్లె వైపు. ఒకరోజు వానకి బాల్కనీ తలుపు ఉబ్బిపోయి గడియ పడకపోతే, షెల్ఫులోంచి నా సుత్తి తీసి, మెత్త కొసతో నాలుగు దెబ్బలు వేసి దించేసింది. నేను గుండె పట్టుకుని చూస్తుంటే, "ఏందన్నా, ఇంత బాగా పనికొచ్చేదాన్ని షోకేసులో పెట్టినారు?" అంది. మెత్త కొస ఎందుకుందో ఎవరూ చెప్పకుండానే కనిపెట్టేసింది కూడా. అప్పట్నుంచీ ఆ గడియకి అదే సుత్తి. రబ్బరు మీద నిజమైన మరకలు పడుతున్నాయి, నేను పెట్టినవాటికన్నా బాగున్నాయి.

కెమెరా తొందర

సినిమావాళ్ళని ఇక్కడ తిట్టబోవడం లేదు. వాళ్ళ ఇబ్బంది వేరు. నవల ఒక వస్తువుని వందల పేజీల పాటు మనతో మోయించగలదు. కెమెరాకి రెండు సెకన్లే ఉంటాయి. ఆ రెండు సెకన్లలో థియేటర్లో చివరి వరసవాడికి కూడా అది ప్రమాదమని తెలియాలి. గొడ్డలైతే తెలుస్తుంది, క్రోకే సుత్తి ఎత్తితే నవ్వొచ్చే ప్రమాదముంది. ఇదే నవలని 1997లో టీవీకి తీసినప్పుడు సుత్తినే ఉంచారు. అయినా జనం బుర్రలోంచి గొడ్డలి కదల్లేదు.

కింగ్ రాసిన 'ఇట్' నవల (1986) మొదట్లో జార్జీ అనే పిల్లాడు వాన నీళ్ళలో వదిలే పడవ న్యూస్‌పేపరుతో చేసింది. నీళ్ళకి నానకుండా అన్న దానికి పారఫిన్ మైనం పూస్తాడు. ఆ పడవ వీధి కాలువ కంతలో పడుతుంది, దాని కోసం వంగిన జార్జీ ప్రాణం పోతుంది. 2017 సినిమాలో అది తెల్ల కాగితం పడవ, పక్కన పెద్ద అక్షరాలతో పేరు. తెరకి అదే సరి, చీకటి వానలో తెలుపు కనిపిస్తుంది, పేరు చదవొచ్చు. మార్కెట్లో దొరికే నకళ్ళన్నీ ఆ తెల్ల పడవే. నేను న్యూస్‌పేపరుతో చేశాను. కొవ్వొత్తి మైనం కరిగించి పూస్తే కాగితం కాస్త పారదర్శకమై, అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి తేలతాయి. ఆ తేలిన అక్షరాల్లో ఏదో అశుభం ఉంది, నేను పెట్టింది కాదు. న్యూస్‌పేపరు కాగితంలో లిగ్నిన్ అనే కర్ర పదార్థం ఎక్కువ కాబట్టి ఎండలో పెడితే వారం తిరక్కుండా దానంతటదే పచ్చబడుతుంది. టీ నీళ్ళూ అక్కర్లేదు.

ఒక చిక్కు వచ్చింది. నవలలో ఆ పడవ తేలింది 1957లో, అమెరికాలో. నాకు దొరికింది బెంగళూరులో వచ్చే తెలుగు దినపత్రిక. మరి ఇది నకలేనా? అచ్చంగా ఉండాలంటే 1957 నాటి ఇంగ్లీషు పేజీని ప్రింటు తీసి మడవాలి. అలా కూడా ఒకటి చేశాను. నా బల్ల మీద రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఇంగ్లీషుదాన్ని చూస్తే సినిమా వస్తువనిపిస్తుంది. తెలుగుదాన్ని చూస్తే, కింద వీధిలో రాజకాలువ, అంటే వాన నీళ్ళు పోయే పెద్ద కాలువ, మీద పలక తీసేసిన చోటు గుర్తొస్తుంది. వాన పడితే ఆ కంత దగ్గర ఒక కర్ర పాతి ఎర్ర గుడ్డ కడతారు. పిల్లల్ని అటు పోనివ్వరు.

నా వాదనకి ఎదురు తిరిగే ఉదాహరణలు

'మిజరీ' సంగతి చూడండి. అదీ కింగ్‌దే. నవలలో నర్సు యానీ, తను ఇంట్లో బంధించిన ఒక రచయిత పాదాన్ని గొడ్డలితో నరికేస్తుంది. 1990లో సినిమా తీసినప్పుడు గొడ్డలి తీసేసి సమ్మెట పెట్టారు. రెండు కాళ్ళ మధ్యా ఒక దుంగ ఇరికించి, చీలమండల మీద ఒక్కో దెబ్బ. సరిగ్గా 'ది షైనింగ్'కి తిరగేసిన వ్యవహారం. ఇక్కడ నా ఓటు సినిమాకే. నరకడం కన్నా ఆ దుంగని ఓపిగ్గా సర్దడం భయంగా ఉంది. కాబట్టి "నవలే గొప్ప, సినిమా తక్కువ" అని నేను గీత గీయడం లేదు. ఏది ఎక్కువ మామూలు వస్తువో, దాన్ని చెయ్యాలంటున్నాను. జపాన్ 'రింగ్' నవలకీ, 1998లో వచ్చిన సినిమాకీ మూలం ఒక వీడియో క్యాసెట్. దాన్ని నకలు చెయ్యడానికి ఏ నైపుణ్యమూ అక్కర్లేదు. ఆదివారం సంతలో పాత క్యాసెట్ ఒకటి కొనుక్కుని షెల్ఫులో పెట్టడమే. మా మేనకోడలు దాన్ని చూసి "ఏంటి మామయ్యా ఇది, బ్యాటరీనా?" అంది. మామూలుతనానికి కూడా గడువు ఉంటుందని అప్పుడు తట్టింది. రోక్ సుత్తి మాత్రం మనకి ఎప్పుడు మామూలు వస్తువు? ఆ క్రికెట్ పిల్లాడి పుణ్యాన కాస్త గట్టెక్కింది.

ఇంతకన్నా గట్టి చిక్కు పజిల్ పెట్టెది. 'హెల్‌రైజర్' (1987) సినిమాలో సైమన్ సేస్ రూపకల్పన చేసిన బంగారు గీతల పెట్టె హారర్ నకళ్ళు చేసేవాళ్ళందరికీ ప్రియమైనది. దానికి ఆధారమైన క్లైవ్ బార్కర్ నవలికలో అది నల్ల లక్క పూసిన ఆరు ముఖాల పెట్టె, ఎక్కడ తెరుచుకుంటుందో ఆనవాలు కూడా దొరకనంత నునుపు. నా వాదన ప్రకారం నల్ల పెట్టే చెయ్యాలి. చేసి షెల్ఫులో పెడితే అది దేనికి నకలు? ఏ నల్ల పెట్టెనైనా తెచ్చి అదే అనొచ్చు కదా? అందులోనూ లక్క పని లేతు మీద గుండ్రటివాటికే కుదురుతుంది. చదరపు ముఖాలకి అద్దంలాంటి నునుపు చేత్తో తేవాలి, అది మహా కష్టం. అంత కష్టపడి, చూసినవాడు "అగరొత్తుల డబ్బానా?" అనే వస్తువుని చెయ్యాలా? ఈ పెట్టె విషయంలో నాకింకా తేలలేదు. కర్ర కోయించి పెట్టాను, అలాగే ఉంది.

డ్రాకులా దగ్గర మాత్రం నాకు ఏ అనుమానమూ లేదు. గుండెలో మేకు, వెండి శిలువ, మఖమలు గుడ్డ పరిచిన చెక్క పెట్టె. పిశాచ సంహార సామగ్రి అని ఇవి లెక్కలేనన్ని అమ్ముతారు. 1897 నవలలో మేకు దిగేది పిశాచంగా మారిన లూసీ గుండెలో. కౌంట్ డ్రాకులాని ముగించేది రెండు కత్తులు. క్విన్సీ మారిస్ అనే అమెరికన్ పట్టిన బౌయీ వేటకత్తి గుండెలో దిగుతుంది, జొనాథన్ హార్కర్ పట్టిన కుక్రీ, అంటే గూర్ఖాల వంకర కత్తి, గొంతు కోస్తుంది. కుక్రీ! ఆ ఇంగ్లీషు లాయరు చేతికి మన పక్క కత్తి ఎలా వచ్చిందో రచయిత స్టోకర్ వివరించడు, వివరించక్కర్లేదు కూడా, సామ్రాజ్యం నడుస్తున్న రోజులు. ఇంత చేరువ వస్తువుని వదిలి మనవాళ్ళు ప్లాస్టిక్ కోరలు కొంటారు. నా కుక్రీ చెక్కతో చేసింది, అల్యూమినియం టేపు అంటించాను. తొమ్మిది అంగుళాలు దాటిన నిజం కత్తితో ఆయుధాల చట్టం గొడవ నాకెందుకు.

నిమ్మకాయ

"ఇంతకీ మన కథల్లోవి ఎందుకు చెయ్యవు?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 'తులసిదళం' చదివి రాత్రి బాత్రూముకి వెళ్ళడానికి భయపడిన తరం మనది. కన్నడంలో 1985లో అది సినిమాగా కూడా వచ్చింది కాబట్టి ఇక్కడ మా ఆఫీసులో కన్నడిగులకి సైతం ఆ కథ తెలుసు.

బెంగళూరులో ఆయుధపూజ మర్నాడు బండి మీద బయల్దేరండి. ప్రతి వీధిలోనూ కుంకుమ కలిపి పగలగొట్టిన బూడిదగుమ్మడికాయలు. రోడ్డంతా ఎర్రటి గుజ్జు. హారర్ సినిమా సెట్టు కూడా అంత ఎరుపు చూసి ఉండదు. ఒక్కడు భయపడడు. టైరు జారుతుందని తిట్టుకుంటూ పోతారు, అంతే. అదే మామూలు రోజున, మూడు దారులు కలిసేచోట ఒక్క నిమ్మకాయ, దాని మీద ఇంత కుంకుమ. ఐటీ కంపెనీ బ్యాడ్జీ మెళ్ళో వేసుకున్నవాడు కూడా బండిని పక్కకి తిప్పుతాడు. నేనూ తిప్పుతాను. తొంభైల్లో ఇక్కడి తలుపుల మీద "నాళె బా" అని రాసుకున్నారు, మన ఊళ్ళల్లో "ఓ స్త్రీ రేపు రా". సుద్దముక్కతో రాసిన అక్షరాలు. దానికి మించిన హారర్ వస్తువు నేనింతవరకూ చూడలేదు, ఖర్చు అర్ధరూపాయి కూడా కాదు.

అంటే నా సిద్ధాంతానికి మన దగ్గరే గట్టి రుజువు ఉంది. అయినా నేను చేతబడి బొమ్మ చెయ్యను. అమ్మ ఒప్పుకోదన్నది ఒక కారణం. హిందూపురం నుంచి వచ్చిన ప్రతిసారీ షెల్ఫు వైపు చూసి, "పసిబిడ్డ తిరిగే ఇంట్లో ఇవేంటి నాయనా" అంటుంది, అదీ అమెరికా సుత్తి చూసి. అసలు కారణం వేరు. రోక్ సుత్తికీ దాని నకలుకీ మధ్య ఒక నవల అడ్డుగా ఉంది. పిండిబొమ్మకి నాలుగు సూదులు గుచ్చితే నకలుకీ అసలుకీ మధ్య ఏమీ లేదు. ఎవడో చేసేదీ అదే, నేను చేసేదీ అదే. చేతబడి చేసిందన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. కర్ణాటక ఇలాంటి దురాచారాల మీద 2017లో చట్టం ఆమోదించి, 2020లో అమల్లోకి తెచ్చింది. నా బొమ్మ చెత్తబుట్టలోంచి జారి ఎవరి గుమ్మం ముందో పడితే, ఆ అనుమానం నా మీదికి రాదు. పై అంతస్తు వాచ్‌మన్ భార్య మీదికో, ఒంటరిగా ఉండే ఏ ముసలావిడ మీదికో పోతుంది.

స్నేహితుడికి ఇదంతా చెబితే, "అయితే నీ లెక్కలో భయపెట్టని నకలే మంచి నకలన్నమాట" అని నవ్వాడు. కొంతవరకు నిజమే. నాక్కావలసింది భయపడేవాడు కాదు, చదివినవాడు. షెల్ఫు ముందు ఆగి, సుత్తి తిప్పి చూసి, రబ్బరు కొస తడిమి, "ఓహో, నవల్లోది" అనేవాడు. అలాంటివాళ్ళు ఇప్పటిదాకా ఎక్కువమంది తగల్లేదు. వాళ్ళ కోసం పక్కన ఒక చీటీ పెట్టమంటాడు స్నేహితుడు, కథ పేరూ, సంవత్సరమూ రాసి. చీటీ పెడితే అది మ్యూజియం అవుతుంది. పెట్టకపోతే గడియలు వేసే సుత్తి అవుతుంది. నేను రెండోదాన్నే ఎంచుకున్నాను.

తన స్టాలు కోసం వచ్చే నెలకి ఇంకో గొడ్డలి కావాలన్నాడు. సరే, చేసిస్తానన్నాను. పిడికి వాడకం గుర్తులన్నీ నేనే పెడతాను, చెమట మెరుపుతో సహా. ఎరుపు మాత్రం తనే పూసుకోవాలి.